పాత బుల్లెట్ నాలుగు గేర్ల బాక్స్: ఎప్పుడు విప్పాలి, ఎలా బాగు చేయాలి

"సెకండ్ గేర్ జారిపోతోంది, విప్పేయమంటారా?", "న్యూట్రల్ దొరకడం లేదు, గేర్లు మార్చాలా?", "కొత్త గేర్లు వేసినా మళ్లీ అదే శబ్దం, ఏం చేయాలి?" పాత బుల్లెట్ ఉన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఈ మూడే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే బండి పక్కన పెట్టుకుని చూసుకుంటారని ఇది రాస్తున్నాను.

ఇది కుడికాలి గేరు ఉన్న పాత బుల్లెట్ల కోసం. ఒకటి పైకి, మూడు కిందికి పడే నాలుగు గేర్లు, మడమతో నొక్కితే న్యూట్రల్‌కి తెచ్చే చిన్న లివర్, ఇంజిన్ వెనుక స్టడ్లతో బిగించిన విడి బాక్స్. దీన్నే ఆల్బియన్ బాక్స్ అంటారు. ఎడమకాలి ఐదు గేర్ల బాక్స్ లోపలి అమరిక వేరు, ఇక్కడ చెప్పే మెట్లు దానికి సరిపోవు.

పనికి కావాల్సినంత సిద్ధాంతం ఇంతే. క్లచ్ తిప్పేది మెయిన్ షాఫ్ట్‌ని. దానికింద లే షాఫ్ట్ ఉంటుంది. మెయిన్ షాఫ్ట్ ఎడమ చివర చుట్టూ గొట్టంలా ఉండేది స్లీవ్ గేర్, చెయిన్ స్ప్రాకెట్ దాని మీదే కూర్చుంటుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో బలం మెయిన్ నుంచి లే షాఫ్ట్‌కి దిగి, మళ్లీ స్లీవ్ గేర్‌కి ఎక్కుతుంది. టాప్‌లో మాత్రం మెయిన్ షాఫ్ట్ నేరుగా స్లీవ్ గేర్‌తో ముడిపడుతుంది. లే షాఫ్ట్ అప్పుడు బరువు లేకుండా ఊరికే తిరుగుతుంది. శబ్దం ఎక్కడిదో పట్టుకోవడానికి ఈ ఒక్క తేడా చాలా సాయం చేస్తుంది.

విప్పే ముందు బయట చూడాల్సినవి

బాక్స్ తప్పని చెప్పి నా దగ్గరికి వచ్చిన బళ్లలో చాలావాటికి బాక్స్ విప్పాల్సిన అవసరమే పడలేదు. కాబట్టి ఈ భాగం దాటేసి కిందికి వెళ్లకండి.

ముందు క్లచ్. హ్యాండిల్ దగ్గర క్లచ్ లివర్‌కి 2–3 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా, బండి న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా పట్టుకుని ఐదు సెకన్లు ఆగి, అప్పుడు ఫస్ట్ వేయండి. అయినా గరగరమంటూ పడితే క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. నిలబడి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరక్కపోవడానికి కూడా ఎక్కువసార్లు కారణం ఇదే. ప్రైమరీ కవర్ (ఎడమవైపు క్లచ్‌ని మూసే మూత) తీసి, ఒకరిని క్లచ్ పట్టమని చెప్పి ప్రెజర్ ప్లేట్‌ని (స్ప్రింగులు నొక్కి ఉంచే బయటి ప్లేట్) చూడండి. అది వంకరగా లేస్తే స్ప్రింగులు సమానంగా లేవు. ప్లేట్లు అంటుకుపోయి ఉంటే కడిగి ఆరబెట్టాలి. డ్రమ్ గాడుల్లో ప్లేట్ల చెవులు తిన్న గుంతలు ఉంటే ఆకురాయితో సమం చేయాలి.

తరువాత గేర్ పెడల్. షాఫ్ట్ మీద అది కొంచెం ఊగినా సగం కదలిక అక్కడే పోతుంది, గేరు సగం పడి జారుతుంది.

ఆ తరువాత అడ్జస్టర్ ప్లేట్. బయటి కవర్‌కి రెండు బోల్టులతో బిగించి ఉండే ఈ ప్లేటే పెడల్ పైకీ కిందికీ ఎంత కదలాలో నిర్ణయిస్తుంది. బోల్టులు వదులు చేసి, పెడల్‌ని చేత్తో పైకి ఒకసారి, కిందికి ఒకసారి మెల్లగా కదపండి. రాట్చెట్ (పెడల్ కదలికను ఒక్కో గేరుగా మార్చే పళ్ల అమరిక) పళ్లు పట్టుకునే వరకు వచ్చే ఖాళీ కదలిక రెండు వైపులా దాదాపు సమానంగా ఉండాలి. తేడా ఉంటే ప్లేట్‌ని వెంట్రుకవాసి జరిపి మళ్లీ చూడండి. పైకి వెళ్లేటప్పుడు గేర్లు బాగానే పడి, దిగేటప్పుడు మాత్రం ఇబ్బంది పెడుతుంటే (లేదా దీనికి తిరగేసి జరుగుతుంటే) తప్పు నూటికి తొంభై పాళ్లు ఇక్కడే. పది నిమిషాల పని.

చివరిగా ఆయిల్ మట్టం, డ్రైవ్ చెయిన్ వదులు, స్ప్రాకెట్. స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే అది గాడుల మీద టకటకమంటే మీరు వింటున్న 'గేర్ బాక్స్ శబ్దం' అదే కావచ్చు.

లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలి

* 1, 2, 3 గేర్లలో హోరు ఉండి టాప్‌లో తగ్గిపోతే: లే షాఫ్ట్, దాని బుష్‌లు (షాఫ్ట్ తిరిగే కంచు గొట్టాలు), దాని మీది పళ్లు.
* టాప్‌తో సహా అన్నిట్లో ఉంటే: స్లీవ్ గేర్ బేరింగ్.
* బండి నిలిపి న్యూట్రల్‌లో ఉంచినప్పుడు ఉండి, క్లచ్ పట్టగానే పోతే: మెయిన్ షాఫ్ట్ కుడివైపు బేరింగ్, లేదా స్లీవ్ గేర్ లోపలి బుష్‌లు.
* న్యూట్రల్‌లో లయగా టిక్ టిక్ మంటే: కిక్ షాఫ్ట్ మీది పాల్ (కిక్ కొట్టినప్పుడు గేర్‌ని పట్టుకునే కొక్కెం) పూర్తిగా తప్పుకోకుండా ఫస్ట్ గేర్ లోపలి పళ్లను తాకుతోంది.
* ఒకే గేర్ జారుతుంటే: ఆ గేర్ డాగ్స్ (పక్క గేర్‌ని పట్టుకునేందుకు గేర్ పక్కన పొడుచుకొచ్చిన దిమ్మలు) అరిగాయి, లేదా షాఫ్ట్ ఒరిగి తిరుగుతోంది.
* ఏ గేర్ అయినా జారుతుంటే: సెలెక్టర్ ఫోర్క్ (గేర్లను పక్కకు జరిపేది), లొకేటింగ్ ప్లంజర్ (పడిన గేర్‌ని అక్కడే నిలిపే పిన్ను) స్ప్రింగ్, అడ్జస్టర్ ప్లేట్.
* స్ప్రాకెట్ వెనుక నుంచి ఆయిల్ కారుతుంటే: సీలు. సీలు మార్చినా కారితే స్లీవ్ గేర్ బుష్ అరిగింది. ఆయిల్ మెయిన్ షాఫ్ట్ వెంట వస్తోంది.

ఒక మాట. ఈ బాక్స్‌లో రెండు గేర్ల మధ్య కూడా ఖాళీ చోటు ఉంటుంది. పెడల్‌ని సగం నొక్కితే అక్కడ ఆగిపోతుంది. అది రిపేరు కాదు, దాని స్వభావం. అలాగే న్యూట్రల్ లివర్ 2, 3, 4 నుంచి పని చేస్తుంది, ఫస్ట్ నుంచి చేయదు. 'మడమ లివర్ పాడైంది' అనుకునేవాళ్లు చాలామంది దాన్ని ఫస్ట్‌లో ఉండి నొక్కుతున్నవాళ్లే.

కావాల్సినవి

సరైన పానాలు అన్నిటికన్నా ముఖ్యం. పాత బుల్లెట్లలో విట్‌వర్త్ సైజు నట్లు వస్తాయి. మిల్లీమీటర్ల పానా 'దాదాపుగా' పట్టినా మూలలు కొట్టేస్తుంది. ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, క్లచ్ సెంటర్ పుల్లర్, సర్క్లిప్ ప్లయర్, ఫీలర్ గేజ్, వెర్నియర్, నైలాన్ సుత్తి, రాగి లేదా ఇత్తడి కడ్డీ ఒకటి. కిరోసిన్, వెడల్పాటి ట్రేలు రెండు, చిన్న డబ్బాలు, కళ్లజోడు. కొత్తవి తప్పనిసరిగా: ప్యాకింగ్‌లు, సీళ్లు, సర్క్లిప్‌లు, ట్యాబ్ వాషర్లు. బేరింగులు, బుష్‌లు విప్పాక చూసి కొనండి. బేరింగ్ నంబర్ దాని అంచు మీదే చెక్కి ఉంటుంది.

ప్రతి మెట్టులోనూ ఫోటో తీయండి. వాషర్లను ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో ఒక తీగకు గుచ్చి పెట్టండి.

విప్పడం

1. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి బ్యాటరీ వైరు తీయండి. వేడిగా ఉన్నప్పుడే గేర్ ఆయిల్ దించి, గుడ్డ మీద పోసి వెలుతురులో చూడండి. సన్నటి బూడిదరంగు ముద్ద మామూలే. బంగారు రంగు మెరుపు కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నాయి. గుచ్చుకునే ఉక్కు ముక్కలు ఉంటే పళ్లు, డాగ్స్ లేదా బేరింగ్ విరిగింది.

2. ఎడమవైపు: ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి, ప్రైమరీ కవర్ మధ్యలోని ఒకే ఒక నట్ విప్పండి. కింద ట్రే పెట్టండి. ఆల్టర్నేటర్ ఉన్న బండి అయితే వైర్లు లాగకుండా స్టేటర్‌ని పక్కకు తీయండి.

3. డ్రైవ్ చెయిన్ ఇప్పుడే తీయవద్దు. బండిని టాప్ గేర్‌లో పెట్టి, వెనుక డ్రమ్ దగ్గర బ్రేక్ ఆర్మ్‌ని ఒకరు లాగి పట్టుకుంటే ఇంజిన్ స్ప్రాకెట్ నట్, క్లచ్ నట్ రెండూ వదులవుతాయి. క్లచ్ స్ప్రింగులు, ప్లేట్లు తీశాక ప్రైమరీ చెయిన్, ఇంజిన్ స్ప్రాకెట్, క్లచ్ డ్రమ్ మూడూ కలిపి ఒకేసారి బయటికి రావాలి. క్లచ్ సెంటర్ రాకపోతే పుల్లర్ వాడండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే కేసింగ్ పగులుతుంది.

4. ప్రైమరీ లోపలి కవర్ తీస్తే స్ప్రాకెట్ నట్ కనిపిస్తుంది. బ్రేక్ సాయంతోనే దాన్ని కూడా వదులు చేసి, అప్పుడు డ్రైవ్ చెయిన్ తీయండి. జాగ్రత్త: లాక్ స్క్రూ గానీ, ట్యాబ్ గానీ ఉందేమో ముందు చూడండి. బలం వేసే ముందు మర ఎటువైపో కూడా తేల్చుకోండి. ఇలాంటి చోట్ల ఎడమ మర ఉండటం మామూలే. బయటికి కనిపించే మర గాడి ఎటు వాలి ఉందో చూస్తే తెలిసిపోతుంది. తెలియకుండా పొడుగు గొట్టం తొడిగి లాగితే స్లీవ్ గేర్ మర పోతుంది, ఆ ముక్క మొత్తం మార్చాలి.

5. కుడివైపు: కిక్కర్, గేర్ పెడల్, న్యూట్రల్ లివర్, క్లచ్ కేబుల్ తీయండి. కిక్కర్‌కి కాటర్ పిన్ ఉంటే నట్‌ని పిన్ కొసకు సమానంగా వచ్చేవరకు మాత్రమే వదిలి, కింద నుంచి ఆనిక పెట్టి, నట్ మీద కొట్టండి. ఆనిక లేకుండా కొడితే ఆ దెబ్బంతా కిక్ షాఫ్ట్ బుష్ మీద పడుతుంది.

6. బయటి కవర్ స్క్రూలు తీసి కవర్‌ని మెల్లగా లాగండి. కిక్ స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, కళ్లజోడు పెట్టుకోండి. అది ఎంత బిగువులో, ఏ రంధ్రంలో పట్టి ఉందో ఫోటో తీయండి.

7. మెయిన్ షాఫ్ట్ కుడి చివరి నట్, లోపలి కవర్ నట్లు తీసి, కవర్‌ని నైలాన్ సుత్తితో చుట్టూ తట్టుతూ బయటికి తీయండి. లొకేటింగ్ ప్లంజర్ కింద స్ప్రింగ్ ఉంటుంది, అది ఎగిరిపోకుండా చూసుకోండి. ఇక రెండు షాఫ్టులు, ఫోర్క్ కలిసి ఒక కట్టలా బయటికి వస్తాయి. స్ప్రాకెట్ తీసి ఉంటే స్లీవ్ గేర్‌ని లోపలికి తోసి తీసుకోవచ్చు. బాక్స్ డొక్కును ఫ్రేమ్ నుంచి దించాల్సిన పని లేదు.

శుభ్రం చేసి చూడటం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇది. అన్నిటినీ కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, తెల్ల గుడ్డ మీద వరుసగా పెట్టండి.

డాగ్స్‌కి నేను వాడే పరీక్ష గోరు. డాగ్ అంచు మీద గోరు పెట్టి పక్కకు లాగండి. బాగున్న అంచు గోటిని పట్టుకుని సన్నటి తెల్లటి పొడి గీరుతుంది. అరిగిన అంచు మీద గోరు జర్రున జారిపోతుంది. ఆ గేర్ బరువు పడగానే అలాగే జారుతుంది. ఒక డాగ్ గుండ్రబడితే దానికి ఎదురు పట్టేది కూడా మార్చాలి. కొత్తదాన్ని అరిగినదాని ఎదురుగా పెడితే కొన్నాళ్లలో కొత్తది కూడా అలాగే తయారవుతుంది.

పళ్ల మీద చిన్న చిన్న గుంతలు పడ్డాయేమో చూడండి. ఫోర్క్ వేళ్లు నీలంగా మారినా, ఒకవైపు పలచబడినా, గాజు పలక మీద పెడితే ఊగినా మార్చండి. కిక్ పాల్ కొస విరిగిందేమో, దాని చిన్న స్ప్రింగ్‌లో బిగువు ఉందో లేదో చూడండి. బేరింగ్‌ని కడిగాక పొడిగా ఉండగానే వేళ్లతో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఇసుక తగిలినట్టు అనిపిస్తే అది పారేయాల్సిందే. గాలి పంపుతో బేరింగ్‌ని ఎప్పుడూ తిప్పకండి.

ఇప్పుడు బుష్‌లు. ఎక్కువమంది దాటేసేది వీటినే. నా 350కి సెకండ్ గేర్ జారుతుంటే డాగ్స్ అరిగి ఉన్నాయని ఆ జత గేర్లు కొత్తవి వేశాను. రెండు నెలలు బాగా నడిచింది, మళ్లీ జారడం మొదలైంది. మళ్లీ విప్పి, ఈసారి లే షాఫ్ట్ ఒక్కదాన్నే డొక్కులోని బుష్‌లో పెట్టి, పై కొసను వేలితో అటూ ఇటూ ఊపాను. కొస స్పష్టంగా కదులుతోంది, లోపల టక్ టక్ మని వినిపిస్తోంది. బుష్‌ని టార్చి వెలుతురులో చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలో అరిగింది. బరువు పడినప్పుడల్లా షాఫ్ట్ ఒరిగిపోయి డాగ్స్‌ని విడదీస్తోంది. మొదటిసారి డాగ్స్ అరగడానికి మూలం కూడా అదే. బుష్ మార్చాక ఆ గేర్ మళ్లీ జారలేదు.

కాబట్టి ప్రతి షాఫ్ట్‌నీ దాని బుష్‌లో ఒంటరిగా పెట్టి ఊపి చూడండి. ఆయిల్ పలచగా రాసి పెడితే షాఫ్ట్ స్వేచ్ఛగా తిరగాలి కానీ పక్కకు ఊగకూడదు. స్లీవ్ గేర్ లోపలి బుష్‌లకు కూడా ఇదే పరీక్ష. అవి అరిగితే క్లచ్ ఊగుతుంది, ఆయిల్ కారుతుంది.

బుష్‌లు, బేరింగులు మార్చడం

8. డొక్కును, లోపలి కవర్‌ని దాదాపు 100 డిగ్రీల వరకు సమంగా వేడి చేయండి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోతే చాలు. మంట ఒకే చోట పెట్టకండి, కిరోసిన్ గుడ్డలు దగ్గర ఉంచకండి. కొత్త బేరింగ్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి ఉంచితే దాదాపు దానంతట అదే దిగుతుంది. కొట్టాల్సి వస్తే బయటి రింగు మీద మాత్రమే కొట్టండి.

9. కొత్త బుష్ నొక్కి ఎక్కించాక దాని లోపలి వ్యాసం కొంచెం తగ్గుతుంది. షాఫ్ట్ పట్టకపోతే ఇమేరీ పేపర్‌తో రుద్దవద్దు. రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు కోసే పనిముట్టు) ఉన్న లేత్ మనిషి దగ్గరికి షాఫ్ట్‌తో సహా తీసుకెళ్లి, దానికి సరిపోయేలా చేయించండి. స్లీవ్ గేర్‌లో రెండు బుష్‌లూ ఒకే గీతలో రావాలి, అందుకని రెంటినీ ఒకే రీమర్ దారిలో చేయమనండి.

మళ్లీ బిగించడం

10. ముందు స్లీవ్ గేర్, సీలు, స్ప్రాకెట్. సీలు పెదవికి గ్రీజు రాయండి. స్ప్రాకెట్ నట్ బిగించి, లాక్ తప్పకుండా వేయండి.

11. రెండు షాఫ్టులు, జారే గేర్లు, ఫోర్క్‌ని బల్ల మీదే కట్టలా అమర్చి, ఆయిల్ రాసి, ఒకేసారి లోపలికి దించండి. వాషర్లను గ్రీజుతో అంటించండి, లేకపోతే దారిలో పడిపోతాయి.

12. కిక్ పాల్, దాని ప్లంజర్‌ని కూడా గ్రీజుతో నిలిపి లోపలి కవర్ పెట్టండి. జాగ్రత్త: కవర్ చేత్తోనే అంచు వరకు కూర్చోవాలి. వెంట్రుకంత సందు మిగిలినా నట్లతో లాగి మూయకండి. పాల్ అడ్డం పడి ఉంటుంది, లేదా వాషర్ ఒకటి జారి ఉంటుంది. బలవంతం చేస్తే కవర్ పగులుతుంది. తీసి మళ్లీ పెట్టండి. నాకు ఒక్కోసారి మూడు నాలుగు సార్లు పడుతుంది.

13. నట్లు వరుసగా కాకుండా ఒకదాని తరువాత దాని ఎదురుగా ఉన్నదాన్ని, కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ మెయిన్ షాఫ్ట్‌ని తిప్పి చూడండి. బిగించేకొద్దీ తిరగడం బరువైతే అక్కడే ఆగండి. షాఫ్టులకు ముందుకూ వెనక్కూ చేతికి తెలిసే చిన్న ఆట ఉండాలి. అసలు లేకపోతే వేడెక్కినప్పుడు పట్టేస్తుంది. అందుకు వాషర్ మందం మార్చాలి.

బయటి కవర్ పెట్టే ముందు ఈ పరీక్ష చేయండి

స్ప్రాకెట్ మీద ఒక పంటికి, మెయిన్ షాఫ్ట్ కొసకు పెయింట్ చుక్క పెట్టండి. సెలెక్టర్‌ని చేత్తో ఒక్కో గేర్‌లోకి మార్చుతూ, స్ప్రాకెట్ ఒక చుట్టు తిరగడానికి మెయిన్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టండి. ఫస్ట్‌లో దాదాపు 2.78, సెకండ్‌లో 1.84, థర్డ్‌లో 1.36, టాప్‌లో సరిగ్గా 1 రావాలి. న్యూట్రల్‌లో స్ప్రాకెట్ కదలకూడదు. ఈ లెక్క కుదిరితే గేర్లు సరైన చోట్లలో ఉన్నాయి. ఏదో ఒక గేర్ పడకపోయినా, రెండు గేర్లకు ఒకే లెక్క వచ్చినా, ఇప్పుడు విప్పడం పావుగంట పని. బండి మొత్తం బిగించాక తెలిస్తే మళ్లీ ఒక రోజు.

14. రాట్చెట్‌కి గ్రీజు రాసి, కిక్ స్ప్రింగ్‌ని ఫోటోలో ఉన్నట్టే పట్టించి, బయటి కవర్ మూయండి. పెడల్, అడ్జస్టర్ ప్లేట్ పైన చెప్పినట్టు సరిచేయండి. ఎడమవైపు విప్పిన వరుసకు తిరగేసి బిగించండి. పుష్ రాడ్ (మెయిన్ షాఫ్ట్ లోంచి వెళ్లి క్లచ్‌ని తోసే కడ్డీ) పెట్టడం మరిచిపోయి క్లచ్ అంతా బిగించినవాళ్లను చూశాను, దాన్ని ముందే బల్ల మీద కళ్లెదురుగా పెట్టుకోండి.

15. ఆయిల్ మట్టం గుర్తు వరకే పోయండి. ఎక్కువ పోస్తే స్ప్రాకెట్ వైపు కారుతుంది. 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, జీఎల్-4 రకం నేను వాడతాను. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో ఉండే గంధకపు మందులు ఇత్తడి, కంచు బుష్‌లను తింటాయి. గ్రీజు, ఆయిల్ కలిపి నింపే పాత పద్ధతి ఇంకా కొందరు పాటిస్తారు. కారడం తగ్గేది నిజమే, కానీ చిక్కటి గ్రీజు ఒక్కటే నింపితే గేర్లు దాన్ని పక్కకు తోసేసి పొడిగా తిరుగుతాయి. ఆ పని చేయకండి.

రోడ్డు మీద చూడటం

ముందు స్టాండ్ మీదే నాలుగు గేర్లూ వేసి చూడండి. తరువాత ఖాళీ రోడ్డు మీద 10 కిలోమీటర్లు నడపండి. ప్రతి గేర్‌లో యాక్సిలరేటర్ ఇచ్చి, టక్కున వదిలి, మళ్లీ ఇవ్వండి. జారే గేర్ ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే బయటపడుతుంది. సమ వేగంలో జారకపోవచ్చు. ఆగి స్ప్రాకెట్ వెనుక, లోపలి కవర్ అతుకు దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. బాక్స్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉండటం సరే, చేయి నిలవనంత వేడి ఉంటే షాఫ్ట్ ఆట సరిపోలేదు.

కొత్త బుష్‌లు వేసి ఉంటే మొదటి 300 కిలోమీటర్ల తరువాత ఆయిల్ మార్చండి. దించిన ఆయిల్‌ని మళ్లీ గుడ్డ మీద పోసి చూడండి. కొంచెం బంగారు మెరుపు ఉంటుంది, కంగారు అక్కర్లేదు. రెండోసారి మార్చినప్పుడు కూడా అంతే మెరుపు ఉంటే ఆ రోజే బుష్‌లు మళ్లీ ఊపి చూడాలి.